బడి సహాయ సేవకు డేటాబేస్: మొదలుపెట్టే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, అంటే ఆదోని, కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు, బడులకు సాయం చేసే చిన్న బృందాల కోసం ఈ పేజీ. మీరు చేసేది సాయంత్రం ట్యూషన్లు కావచ్చు, లైబ్రరీ పుస్తకాలు పంచడం కావచ్చు, మానేసిన పిల్లల్ని మళ్లీ బడిలో వేయించడం కావచ్చు. ఏదో ఒక రోజు "ఎక్సెల్‌తో కుదరట్లేదు, డేటాబేస్ చేయిద్దాం" అనే మాట వస్తుంది. ఆ మాట వచ్చాక, ప్రోగ్రామర్‌కు ఫోన్ చేయక ముందు చదవాల్సినవి ఇవి. అనంతపురం, కడప వాళ్లకూ చాలావరకు పనికొస్తాయి.

మాకు నిజంగా డేటాబేస్ అవసరమా? ఎక్సెల్ చాలదా?

రెండు మూడు బడులు, ఒక్కరే రాసేవాళ్లు అయితే ఎక్సెల్ చాలు. డబ్బు దండగ చేసుకోవద్దు.

ఒక లెక్క చూడండి. 40 బడులు, బడికి 100 మంది, ఏడాదికి 220 పనిదినాలు. ఒక్కొక్కరి హాజరు రోజుకో వరుస చొప్పున రాస్తే ఏడాదికి 8,80,000 వరుసలు. ఎక్సెల్ షీట్‌లో పట్టేవి 10,48,576. అంటే రెండో ఏడాది సగం కాకముందే నిండిపోతుంది. అయితే చాలా బృందాలకు సమస్య అంతవరకూ పోదు. అంతకన్నా ముందే వచ్చే గుర్తు ఇంకొకటి ఉంది: వాట్సాప్ గ్రూపులో "ఫైనల్", "ఫైనల్ 2", "ఫైనల్ సార్ చూసింది" అని మూడు ఫైళ్లు తిరుగుతుంటాయి, మూడింటిలో మూడు రకాల అంకెలు ఉంటాయి. అప్పుడు డేటాబేస్ గురించి ఆలోచించండి.

ప్రభుత్వం దగ్గర పిల్లల వివరాలన్నీ ఉన్నాయి కదా. మళ్లీ మనం ఎందుకు రాయాలి?

ఉన్నవాటిని మళ్లీ రాయొద్దు. దేశంలోని బడుల వివరాలన్నీ ఉండే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో బడి గదులు, టీచర్లు, మరుగుదొడ్లు, పిల్లల నమోదు అన్నీ ఉంటాయి. హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలు టీచర్లు రోజూ ప్రభుత్వ యాప్‌లలో ఎక్కిస్తున్నారు. మీరు ఇంకో ఫారం పట్టుకుపోతే ఏ హెడ్‌మాస్టరూ సంతోషించడు.

ప్రభుత్వ లెక్కలో లేనిది, మీ పనికి కావలసింది మాత్రం వేరే ఉంది. ఆ పిల్ల బడికి రాని వారంలో ఎక్కడుంది? ఇంటికి ఎవరు పోయి మాట్లాడారు? వాళ్లు ఏం చెప్పారు? తర్వాత ఏం చేశాం? మీ డేటాబేస్ దీనికోసమే.

టేబుళ్లు గీయడంతో మొదలుపెట్టాలా?

వద్దు. సోమవారం పొద్దున వాలంటీర్ ఊళ్లోకి పోయే ముందు ఏం తెలుసుకోవాలనుకుంటాడో అడిగి రాసుకోండి. క్లస్టర్ (దగ్గర్లోని కొన్ని బడుల గుంపు) చూసే టీచరును, అంటే సీఆర్‌ఎంటీని అడగండి, ఒక ఎంఈఓను (మండల విద్యాధికారిని) అడగండి, కనీసం ఒక అమ్మను అడగండి. "వరసగా పది రోజులు రానివాళ్లెవరు?", "పోయినసారి వీళ్లింటికి పోయినప్పుడు ఏం చెప్పారు?", "నాలుగో తరగతిలో ఇంకా అక్షరాలు కూడబలుక్కునేవాళ్లు ఎంతమంది?" ఇలాంటి ప్రశ్నలు వస్తాయి. ప్రతి ప్రశ్న పక్కన, జవాబు తెలిస్తే ఎవరు ఏం చేస్తారో రాయండి. ఎవరూ ఏమీ చెయ్యరనుకుంటే ఆ ప్రశ్న కొట్టేయండి, దాంతోపాటు దాని కాలమ్ కూడా పోతుంది.

ఇలా చేస్తే మొదట అరవై కాలమ్‌లు అనుకున్నది ఇరవైకి వస్తుంది. దాతలకు రిపోర్టు ఇవ్వాలని ఇంకో పది చేర్చమని ఒత్తిడి వస్తుంది. కొంచెం గట్టిగా ఉండండి.

సుగ్గికి (పనుల కోసం వలస) పోయే పిల్లల్ని ఎలా రాయాలి?

ఈ ప్రాంతంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. బయటి నుంచి తెచ్చిన రెడీమేడ్ సాఫ్ట్‌వేర్లన్నీ ఇక్కడే బోల్తా పడతాయి.

దసరా, దీపావళి దాటాక పడమటి మండలాల నుంచి కుటుంబాలు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి పోతాయి. కొందరు బెంగళూరు, హైదరాబాదుల్లో కట్టడం పనులకు పోతారు. ఉగాది దగ్గర పడేసరికి కొందరు తిరిగొస్తారు, కొందరు ఎండలు ముదిరాక వస్తారు. పిల్లల పేరు రిజిస్టర్‌లో అలాగే ఉంటుంది. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌లో "స్థితి" అని ఒకే కాలమ్ ఉంటుంది: చదువుతోంది లేదా మానేసింది. నవంబరులో "మానేసింది" అని కొడతారు, ఏప్రిల్‌లో పిల్ల వస్తే "చదువుతోంది" అని మారుస్తారు. మార్చిన క్షణంలో ఆ ఐదు నెలల కథ మొత్తం చెరిగిపోతుంది. వచ్చే అక్టోబరులో ఎవరెవరు పోయే అవకాశం ఉందని అడిగితే మీ కంప్యూటర్ దగ్గర జవాబు ఉండదు.

అందుకని స్థితి కాలమ్ తీసేసి "ఉన్నచోటు" అని ఒక విడి టేబుల్ పెట్టండి. అందులో ఎవరు, ఏ తేదీ నుంచి, ఏ తేదీ వరకు, ఎక్కడ, ఎవరితో, అక్కడ చదువు సాగుతోందా, ఈ సంగతి మనకెవరు చెప్పారు అనేవి ఉండాలి. పిల్ల కదిలినప్పుడల్లా పాత వరుసకు ముగింపు తేదీ వేసి కొత్త వరుస రాయాలి, పాతదాన్ని దిద్దకూడదు. ముగింపు తేదీ ఖాళీగా ఉంటే ఇప్పటికీ అక్కడే ఉన్నట్టు.

"ఎవరితో" అన్నచోట బాగా ఆలోచించండి. అమ్మానాన్నలతో పోయినవాళ్లు వేరు, ఊళ్లోనే అవ్వ దగ్గర ఉండిపోయినవాళ్లు వేరు. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద నడిచే సీజనల్ హాస్టల్లో చేరినవాళ్లు వేరు, పక్క ఊళ్లో మేనమామ ఇంట్లో ఉండి అక్కడి బడికి పోతున్నవాళ్లు వేరు. నాలుగు రకాల పిల్లలకూ చేయాల్సిన పని ఒకటి కాదు. వీటికి తోడు "తెలియదు" అనే ఎంపిక తప్పకుండా ఉండాలి. అది లేకపోతే వాలంటీర్ ఏదో ఒకటి నొక్కేసి ముందుకు పోతాడు.

కుటుంబానికి కూడా ఒక టేబుల్ కావాలి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు దానికి కలిసి ఉండాలి. చంటిబిడ్డను చూసుకోవడానికి పెద్దపిల్లను వెంట తీసుకుపోవడం ఇక్కడ మామూలే. పెద్దపిల్ల పేరు ఒక్కటే చూస్తే ఆ కారణం కనపడదు. ఇంట్లో రెండేళ్ల తమ్ముడున్నాడని తెలిస్తే ఆమె పోతుందని అక్టోబరులోనే పసిగట్టి, తల్లితో కూర్చుని మాట్లాడొచ్చు. హాస్టల్లో ఎన్ని సీట్లు కావాలో ముందుగా అడగడానికి కూడా పోయిన ఏడాది వరుసలే ఆధారం.

బడిని గుర్తించడానికి యూడైస్ కోడ్ వాడితే సరిపోతుందా?

కోడ్ తప్పకుండా రాసుకోండి, కానీ మీ టేబుళ్లన్నిటినీ దానికే కట్టేయొద్దు. యూడైస్ కోడ్‌లో 11 అంకెలు ఉంటాయి: మొదటి రెండు రాష్ట్రం (మనది 28), తర్వాత రెండు జిల్లా, రెండు మండలం, మూడు ఊరు, చివరి రెండు బడి. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అందుకే కొందరు ప్రోగ్రామర్లు ఆ అంకెల్లోంచే జిల్లా పేరు తీసేలా రాస్తారు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు డోన్, ఆళ్లగడ్డ, ఆత్మకూరు నంద్యాల జిల్లాలోకి పోయాయి. అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లా, కడప, చిత్తూరు జిల్లాల నుంచి అన్నమయ్య జిల్లా విడిపోయాయి. పాత అంకెల్ని నమ్ముకుంటే పోయిన ఏడాది రిపోర్టుకూ ఈ ఏడాది రిపోర్టుకూ పొంతన ఉండదు.

బడులూ అలాగే మారతాయి. 2022లో జీఓ 117 కింద చాలాచోట్ల 3, 4, 5 తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్లలో కలిపారు. 2025లో ఆ జీఓ రద్దయి మళ్లీ కొత్త పద్ధతి వచ్చింది. అదే పిల్ల, అదే ఊరు, బడి మాత్రం రెండుసార్లు మారింది. కాబట్టి బడికి మీ సొంత ఐడీ ఒకటి ఇచ్చుకుని, యూడైస్ కోడ్, మండలం, జిల్లా, ఉన్న తరగతులు, మీడియం అన్నిటినీ "ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు" తేదీలతో పక్కన రాయండి. మీడియం మరచిపోవద్దు. ఆదోనిలో, కర్నూలులో ఉర్దూ బడులున్నాయి, సరిహద్దు మండలాల్లో కన్నడ బడులున్నాయి. తెలుగు చదివే పరీక్ష కాగితం పట్టుకుని కన్నడ బడికి పోతే అక్కడ పని జరగదు.

పిల్లలకు ఆధార్ నంబరే ఐడీగా పెట్టొచ్చా?

పెట్టొద్దు. ఒక స్వచ్ఛంద బృందం పిల్లల ఆధార్ నంబర్లు దాచుకోవాల్సిన అవసరమే లేదు. లీకయితే దాన్ని మార్చుకునే వీలు ఆ పిల్లకు ఉండదు. యూడైస్ ప్లస్ ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత నంబరు పెన్, చదువు రికార్డులన్నిటినీ ఒకచోట కలిపే 12 అంకెల అపార్ ఐడీ ఉన్నాయి. బడి వాళ్లతో వివరాలు సరిపోల్చుకోవాల్సి వస్తే, తల్లిదండ్రుల అనుమతితో పెన్ ఒక్కటి రాసుకోవచ్చు. మీ ఐడీ మాత్రం మీరే ఇచ్చే అర్థం లేని అంకె కావాలి. అందులో ఊరు, తరగతి, పుట్టిన ఏడాది ఇరికించొద్దు.

ఇక్కడే ఒక చిన్న హెచ్చరిక. 12 అంకెల నంబర్లను ఎక్సెల్ నుంచి తెస్తుంటే ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే 1.23ఈ+11 లాంటి రూపంలో కనపడతాయి. ఆ షీట్‌ను సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేస్తే అసలు అంకెలే పోతాయి.

పేర్లు తెలుగులో రాయాలా, ఇంగ్లీషులోనా?

రెండింటిలోనూ. బడి రికార్డులో ఇంగ్లీషు స్పెల్లింగ్ ఎలా ఉందో అచ్చం అలాగే ఒక కాలమ్, ఊళ్లో పిలిచేది తెలుగులో ఇంకో కాలమ్. ఉరుకుందు, మద్దిలేటి, ఈరన్న, మహబూబ్ బాషా లాంటి పేర్లను ఒక్కొక్క టీచర్ ఒక్కొక్క రకంగా ఇంగ్లీషులో రాస్తారు. ఒకే పిల్లాడు ముగ్గురుగా తేలేది అందుకే. ఇంటిపేరు, అసలు పేరు అని రెండు గడులు పెట్టి తప్పనిసరి చేయొద్దు. చాలామందికి ఇంటిపేరు ఒక్క అక్షరంగానే రికార్డుల్లో ఉంటుంది, ముస్లిం పిల్లల పేర్లకు ఆ విభజన సరిపోదు. పేరంతా ఒకే గడిలో పెట్టండి. ఒకే తరగతిలో ముగ్గురు లక్ష్ములుంటే వేరు చేయడానికి తల్లి పేరు బాగా పనికొస్తుంది.

పుట్టిన తేదీని మాత్రం పూర్తిగా నమ్మొద్దు. బడిలో వేసే రోజున సార్ అంచనాగా రాసిన తేదీలు ఎన్నో ఉంటాయి, జూన్ నెల పుట్టినరోజులు అందుకే అన్ని కనపడతాయి.

పాత తెలుగు జాబితాలు డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌లో టైపు చేసినవైతే అవి యూనికోడ్ కావు. డేటాబేస్‌లో పెడితే పిచ్చిగీతల్లా వస్తాయి. ముందు కన్వర్టర్‌తో మార్చి, ఒత్తులు సరిగా వచ్చాయో లేదో ఒక మనిషి కూర్చుని చూడాలి.

పథకాల పేర్లతో కాలమ్‌లు పెట్టొచ్చా?

అమ్మ ఒడి ఉన్న రోజుల్లో ఆ పేరుతో కాలమ్ పెట్టినవాళ్లు తల్లికి వందనం వచ్చాక ఏం చేశారో చూడండి: ఇంకో కాలమ్ చేర్చారు. విద్యా కానుక పోయి విద్యార్థి మిత్ర కిట్ వచ్చింది, గోరుముద్ద పోయి డొక్కా సీతమ్మ పేరుతో బడి భోజనం వచ్చింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేర్లు మారతాయి, దానికి మనం చేయగలిగేది లేదు. పథకాలకు ఒక టేబుల్, ఎవరికి ఏ ఏడాది ఏది అందిందో ఇంకో టేబుల్ పెట్టుకుంటే కొత్త పథకం అంటే కొత్త వరుస, అంతే. ప్రోగ్రామర్‌ను పిలవాల్సిన పని ఉండదు.

ఫోన్ నంబర్ల సంగతి?

ఇంటికి ఒకటే ఫోన్, అది నాన్నతోపాటు గుంటూరు పోతుంది. రీచార్జి అయిపోతే నంబరే మారిపోతుంది. కాబట్టి నంబర్లు కుటుంబం టేబుల్‌కు కట్టండి. ఒక్కోదాని పక్కన ఎవరిది, చివరిసారి ఎప్పుడు కలిసింది అని రాయండి. పక్కింటివాళ్ల నంబరు లేదా కిరాణా అంగడి నంబరు చాలాసార్లు ఎక్కువ పనికొస్తుంది. వాళ్లను అడిగే రాసుకోండి.

తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరా?

అవును. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి, అదీ రుజువు చూపించగలిగేది, ఉండాలి. నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. గడువు ఉంది కదా అని ఊరుకోవద్దు, ఇప్పుడు కడుతున్న డేటాబేస్‌ను అప్పుడు పగలగొట్టి కట్టడం ఇంకా ఖర్చు.

ఇంగ్లీషుతోపాటు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషల్లో కూడా సమాచారం చదువుకునే వీలు ఇవ్వాలని చట్టం చెబుతోంది. తెలుగు, ఉర్దూ, కన్నడ మూడూ అందులో ఉన్నాయి. ఒక పేజీ దాటకుండా, ఏం రాసుకుంటాం, ఎందుకు, ఎవరు చూస్తారు, వద్దంటే ఎలా తీసేస్తాం అని రాయండి. చదువు రాని తల్లికి చదివి వినిపించి వేలిముద్ర తీసుకోండి, వినిపించింది ఎవరో కూడా రాయండి. "అనుమతి" కూడా తేదీలున్న టేబుల్ కావాలి, ఎందుకంటే ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకునే హక్కు వాళ్లకుంది. అమ్మానాన్నలు వలసలో ఉండి అవ్వ సంతకం పెడితే చెల్లుతుందా అనే ప్రశ్న ఇక్కడ తరచూ వస్తుంది. ఫోన్‌లో తల్లిదండ్రులతో మాట్లాడి, తిరిగొచ్చాక సంతకం తీసుకోవడమే మేలు. అప్పటిదాకా ఆ పిల్ల వివరాలు ఎక్కించకుండా ఆగండి.

కులం, మతం రాయాలా?

స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపే పని మీది కాకపోతే వద్దు.

నెట్ లేని ఊళ్లలో ఎలా?

ఓడీకే, కోబో టూల్‌బాక్స్ లాంటి ఉచిత యాప్‌లలో ఫారం నెట్ లేకుండా నింపి, మండల కేంద్రానికి వచ్చాక పంపొచ్చు. చిక్కు ఎక్కడంటే, ఇద్దరు వాలంటీర్లు ఒకే పిల్లను రెండు ఫోన్లలో కొత్తగా చేర్చేస్తారు. బయలుదేరే ముందే ఆ ఊరి పిల్లల జాబితా ఫోన్‌లోకి దించుకోవాలి, ఉన్నవాళ్లను అందులోంచే ఎంచుకోవాలి. కొత్త పేరు వస్తే దాన్ని నేరుగా టేబుల్లో పడేయకుండా, ఆఫీసులో ఒకరు తల్లి పేరు, ఊరు, అక్కచెల్లెళ్ల పేర్లు చూసి ఒప్పుకున్నాకే చేర్చాలి.

ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

పోస్ట్‌గ్రెస్ అయినా మైఎస్‌క్యూఎల్ అయినా ఈ పనికి చాలు, రెండూ ఉచితమే. మైఎస్‌క్యూఎల్ అయితే అన్ని లిపుల అక్షరాలూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4 అనే సెట్టింగ్ పెట్టమని చెప్పండి. ఒకే కంప్యూటర్‌లో నడిచే చిన్న పనికి ఎస్‌క్యూలైట్ కూడా సరిపోతుంది. ఈ ప్రశ్న మీద నెలల తరబడి వాదించుకునే బృందాలున్నాయి, ఆ సమయం ఊళ్లలో గడిపితే నయం.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

జూన్‌లో బడులు తెరిచే రోజున కొత్త సాఫ్ట్‌వేర్ ప్రారంభించాలని అందరికీ ఉంటుంది. వద్దనే నా సలహా. జూన్, జూలైలో టీచర్లకు అడ్మిషన్లు, పుస్తకాలు, కిట్లు. యూడైస్ లెక్కకు సాధారణంగా సెప్టెంబరు 30 ఆధార తేదీ కాబట్టి ఆ నెలంతా దాని హడావిడి. మార్చిలో పదో తరగతి పరీక్షలు.

డిసెంబరు, జనవరిలో ఊళ్లు తిరిగి మాట్లాడండి. వలస కళ్లముందు కనపడే నెలలవి, ఏ వివరం కావాలో అప్పుడే తెలుస్తుంది. ఎండాకాలం సెలవుల్లో సాఫ్ట్‌వేర్ తయారు కానివ్వండి. ఆగస్టులో ఒకే ఒక్క స్కూల్ కాంప్లెక్స్‌లో, అంటే ఒక క్లస్టర్ బడుల్లో, నడపండి. అక్టోబరుకు, అంటే కుటుంబాలు మూటలు కట్టే ముందు, మిగతా బడులకు విస్తరించండి.

ఇంజినీరింగ్ విద్యార్థుల చేత ఫైనలియర్ ప్రాజెక్టుగా చేయించొచ్చా?

చేయించొచ్చు. చురుకైన పిల్లలు, మన ఊళ్లు తెలిసినవాళ్లు. కానీ వాళ్లకు మార్కులు పడ్డాక బెంగళూరులో ఉద్యోగం వస్తుంది, మీ సర్వర్ పాస్‌వర్డ్ వాళ్ల మెయిల్లో ఉండిపోతుంది. మొదటి రోజు నుంచే డొమైన్, సర్వర్, కోడ్ దాచే ఖాతా అన్నీ మీ బృందం పేరు మీద తెరవండి. ఏ టేబుల్లో ఏముందో తెలుగులో నాలుగు పేజీలు రాసివ్వమనండి. అసలు పిల్లల వివరాలు వాళ్ల లాప్‌టాప్‌లలోకి పోనివ్వొద్దు, తయారీకి కల్పిత పేర్లు చాలు.

ఎవరు ఏం చూడాలి?

వాలంటీర్‌కు తన బడుల పిల్లలు మాత్రమే. దాతకు మొత్తం అంకెలే, పేర్లు ఎప్పుడూ కాదు. ఒక్కొక్కరికి ఒక్కో లాగిన్ ఉండాలి. "అందరికీ ఒకటే పాస్‌వర్డ్, గోడ మీద రాసి ఉంది" అనే ఆఫీసులు మనకు తెలియనివి కావు.

బ్యాకప్?

రోజూ ఒక కాపీ తనంతట తానే పడాలి, వారానికొకటి వేరే చోటికి పోవాలి. మూడు నెలలకొకసారి ఆ కాపీని ఖాళీ కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోవద్దు.

టీచర్లు, వాలంటీర్లు నింపకపోతే?

వాళ్లకు తిరిగి ఏమిస్తున్నారో చూసుకోండి. నెల మొదటి సోమవారం హెడ్‌మాస్టర్ చేతికి ఒకే కాగితం ఇవ్వండి: ఈ బడిలో ఎవరెవరు ఊళ్లో లేరు, ఎవరు అవ్వ దగ్గర ఉన్నారు, ఎవరు వచ్చే వారం తిరిగొస్తున్నారు. ఆ కాగితం ఆయనకు తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో పనికొస్తే వివరాలు అడక్కుండానే వస్తాయి. పనికిరాకపోతే ఎంత ట్రైనింగ్ ఇచ్చినా రావు.

నిధులు ఆగిపోతే డేటా ఏం చేయాలి?

మొదటి రోజే రాసుకోవాల్సిన జవాబు ఇది. బడికి పనికొచ్చే జాబితాలు ప్రింటు తీసి హెడ్‌మాస్టర్‌కు ఇవ్వండి. పేర్లు లేని అంకెలు మీ దగ్గర ఉంచుకోవచ్చు. మిగతావి, అంటే ఫోన్ నంబర్లు, ఇంటి సంగతులు, వాలంటీర్లు రాసిన మాటలు, సర్వర్ నుంచీ బ్యాకప్‌ల నుంచీ ఫోన్‌లలోని యాప్‌ల నుంచీ తీసేయాలి. ఎవరు తీసేస్తారో, ఏ తేదీలోగా తీసేస్తారో అనుమతి పత్రంలోనే రాసి తల్లిదండ్రులకు చదివి వినిపించండి.